నానబెట్టిన పప్పులు

నానిన బాదంపప్పుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చిన్నగా నొక్కితే చాలు, తోలు ఒకవైపు, పప్పు ఒకవైపు జారిపోతాయి. మొదట్లో చేతకాక పప్పు ఎగిరి సింకులో పడేది. ఇప్పుడు ఆమె కళ్ళు మూసుకుని కూడా ఒలిచేస్తుంది. ఆరు నెలలుగా పొద్దున్నే ఇదే పని. బాదం ఒలవాలి, ఆక్రోట్లు పగలగొట్టి మధ్యలో ఉండే గట్టి పొర తీసెయ్యాలి, అన్నీ కలిపి మామగారి పెట్టుడు పళ్ళకి నలిగేంత సన్నగా తరగాలి. ఈలోగా పాలు పొంగుతాయి, పాపకి జడ సగంలో ఉంటుంది, బనీను కనపడటం లేదని భర్త గదిలోంచి కేక పెడతాడు. ఆమె వేళ్ళ కొనలు బాదం తోలు రంగుకి తిరిగాయి. సబ్బుతో రుద్దినా పోవడం లేదు.

మామగారికి ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలింది. తొందరగానే బయటపడింది, నెమ్మదిగా పెరిగే రకం, కంగారు పడకండి అన్నారు డాక్టరు. మూడు నెలలకోసారి ఇంజెక్షన్ రాసి, తిండి సంగతి మాట్లాడమని కింది అంతస్తులో ఉన్న డైటీషియన్ మేడమ్ దగ్గరికి పంపారు. ఆవిడ చార్టు రాసిచ్చింది. వేపుళ్ళు వద్దు, ఉప్పు తగ్గాలి, తీపి జోలికి పోకూడదు. రోజూ ఆయన గుప్పిట్లో పట్టినన్ని పప్పులు తినాలి. ఆ మాట విని భర్త పగలబడి నవ్వాడు. ఎందుకంటే ఈ ఇంట్లో పప్పు అంటే ఆమే.

కాపురానికొచ్చిన వారంలోనే మామగారు ఆ పేరు పెట్టారు. ఇంటర్ మధ్యలో ఉండగా పెళ్ళి. పరీక్షలు రాయిస్తాం, మాదీ చదువుకున్న ఇల్లే అని పెళ్ళిచూపుల్లో ఆయనే అన్నారు. తీరా హాల్ టికెట్ తెచ్చుకునే రోజొస్తే, "ఈ పప్పుసుద్ద పరీక్ష రాసి ఎవర్ని ఉద్ధరిస్తుందిరా" అని కొడుకుతో అన్నారు. గుమ్మం అవతల ఆమె నిలబడే ఉంది. తర్వాత ఆమె ఏది అడిగినా, పుట్టింటికి వెళ్ళొస్తానన్నా, కుట్టుపని నేర్చుకుంటానన్నా ఒకటే జవాబు. "నా దగ్గర నీ పప్పులు ఉడకవమ్మాయ్." ఆ మాట అన్నాక తన చమత్కారానికి తనే నవ్వుకుంటారు. పక్కనే కూర్చున్న కొడుకూ నవ్వుతాడు. ఆమె కూడా నవ్వేది, తొలి రెండేళ్ళు.

ఆమె టెన్త్ సర్టిఫికెట్టు మామగారి బీరువాలో ఉంది. నా దగ్గరైతే భద్రం అని పెళ్ళయిన నెలలోనే తీసుకున్నారు. ముప్పై ఏళ్ళు గోడౌన్‌లో పనిచేసిన మనిషి, తాళం వెయ్యనిదేదీ ఆయనకి వస్తువులాగే కనపడదు. బీరువా తాళంచెవి మొలతాడుకి కట్టి ఉంటుంది. అత్తగారు ఆయనతో అంతకాలం కాపురం చేసి, ఆ బీరువా లోపలి అర ఏ రంగో తెలియకుండానే పోయింది.

పాప బడి పక్కనే ఆగిపోయిన చదువులు పూర్తిచేయించే సెంటరు తెరిచారు. ఆమె ఫారం తెచ్చుకుని బియ్యం డబ్బా కింద దాచింది. దానికి జతచెయ్యాల్సింది టెన్త్ సర్టిఫికెట్టొక్కటే. అడిగింది. చూద్దాం అన్నారు. మళ్ళీ అడిగింది. ఆరోగ్యం కుదుటపడనీ అన్నారు. భర్తతో చెప్పించింది. "నాన్న ఇప్పుడున్న పరిస్థితిలో నీకు చదువు గుర్తొచ్చిందా" అని అతను అటు తిరిగి పడుకున్నాడు. అలా నానబెడుతూనే ఉన్నారు. ఫారం ఇవ్వడానికి ఈ శనివారం ఆఖరు.

ఇదంతా ఒక ఎత్తు. పాప సంగతి ఇంకో ఎత్తు.

పప్పుల డబ్బాలు కూడా బీరువాలోకే వెళ్ళాయి. రోజూ సాయంత్రం మామగారు తాళం తీసి, గుప్పెడు తీసి, గిన్నెలో పోసి ఇస్తారు. ఆ గిన్నెని ఆమె నీళ్ళలో నానబెట్టాలి. ఒకరోజు ఆమె పొయ్యి దగ్గరుంటే, బల్ల మీది గిన్నెలోంచి పాప ఒక బాదంపప్పు తీసి నోట్లో వేసుకుంది. ఐదేళ్ళ పిల్ల. మామగారు చూశారు. అరవలేదు, కొట్టలేదు. నోరు తెరవమన్నారు. పిల్ల భయంతో తెరిచింది. చూపుడువేలు లోపలికి పెట్టి, సగం నమిలిన ముక్కని బయటికి లాగి, "ఇది మందు, నీకు కాదు. చిట్టి పప్పుసుద్దా" అని ఆ వేలిని తువాలుకి తుడుచుకున్నారు. పాప ఏడవకుండా వాళ్ళమ్మ వైపు చూసింది. నవ్వాలా వద్దా అని అడుగుతున్న చూపు అది. ఆ చూపు ఆమెకి తెలుసు. తొలి రెండేళ్ళూ అద్దంలో చూసిందదే.

ఆ రోజు నుంచి ఆమె మామగారికి ఎంత శ్రద్ధగా సేవ చేసిందో చుట్టుపక్కల వాళ్ళు కథలుగా చెప్పుకునేవారు. చార్టు చదివేది ఇంట్లో ఆమె ఒక్కతే. ఆయనకి కళ్ళజోడు సరిపోదు, కొడుక్కి తీరిక లేదు. ఆయన ప్రాణం పెట్టే వేపుళ్ళు పోయాయి. టీలో పంచదార పోయింది, కూరలో ఉప్పు పోయింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం అటుతిప్పితే ఆమె ఎంతో మెత్తగా, "మేడమ్ చెప్పారు మామయ్యగారూ" అనేది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమె నోటి నుంచి వచ్చి చెల్లుబాటైన మొదటి మాట అదే. ఇంజెక్షన్ల వల్ల ఆయనకి ఒళ్ళంతా సెగలు పుట్టేవి. చొక్కా విప్పేసి విలవిల్లాడేవారు. అత్తగారికి ముట్లు ఆగిన వయసులో ఇలాగే సెగలొస్తే, "నీడపట్టున కూర్చునే మనిషికి సెగలేంటే" అని ఎగతాళి చేసింది ఈయనే. ఆమె ఆ మాట పైకి అనలేదు. ఫ్యాను పెంచి, మనసులో మాత్రం అక్షరం పొల్లుపోకుండా అనుకుంది.

వర్షాలు మొదలయ్యాక మామగారు బీరువాలో ఉన్నిబట్టల మధ్య కలరా ఉండలు వేశారు. రెండు రోజులకి పప్పుల్లోంచి ఆ వాసన గుప్పుమంది. ఆమె చెప్పింది. "డబ్బా నీ చేతికి రావాలని ఎత్తు వేస్తున్నావా? నా దగ్గర నీ పప్పులు ఉడకవమ్మాయ్" అన్నారు. ఒకసారి చెప్పడం ఆమె బాధ్యత, చెప్పింది. రెండోసారి చెప్పాల్సిన అవసరం కనపడలేదు. ఇంతమాత్రానికే ఏమవుతుందిలే అనుకునేది, మళ్ళీ భయమేసి మూడుసార్లు కడిగేది. ఏదైనా అయితే మొదటి వేలు తనవైపే చూపిస్తారని ఆమెకి తెలుసు. ఆయన మాత్రం ముఖం చిట్లించి నములుతూ, మందన్నాక చేదుగా ఉండకేం చేస్తుంది అని తనకి తానే సర్దిచెప్పుకునేవారు.

గురువారం ఆసుపత్రికి వెళ్ళాలి. ముందురోజు సాయంత్రం ఆయన ఇచ్చిన గుప్పెట్లోంచి పది పప్పులు నానబెట్టకుండా పక్కన పెట్టింది. వాటిని పాప టిఫిన్ డబ్బాలో వేసి, మూత గట్టిగా బిగించి, సంచిలో పెట్టుకుంది.

డైటీషియన్ మేడమ్ గదిలో ప్లాస్టిక్ పండ్లు, ప్లాస్టిక్ రొట్టె ముక్కలు బల్ల మీద పేర్చి ఉన్నాయి. మామగారు కుర్చీలో, భర్త పక్క కుర్చీలో కూర్చున్నారు. మూడో కుర్చీ లేదు. రోజూ పప్పులు తింటున్నారా అని మేడమ్ అడిగితే మామగారు ఛాతీ విరుచుకున్నారు. ఒక్కరోజు తప్పలేదు, బీరువాలో తాళం వేసి మరీ జాగ్రత్త చేస్తున్నానన్నారు. ఇంట్లో చేతివాటం గల చిన్నపిల్ల ఉందని కూడా చెప్పారు. ఈ గడ్డ ఎప్పటికి కరుగుతుందని అడిగారు.

"పప్పులు గడ్డని కరిగిస్తాయని నేనెప్పుడూ చెప్పలేదు కదండీ. గుండెకి మంచివి. మీకు ఈ జబ్బుకంటే ముందు గుండె ఇబ్బంది పెట్టకూడదని."

అప్పుడు ఆమె సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి బల్ల మీద పెట్టి మూత తెరిచింది. చిన్న గది. వాసన నాలుగు మూలలకీ పాకింది. మేడమ్ ఒక పప్పు తీసి మధ్యకి విరిచి చూసింది. లోపల సన్నగా బూజు.

"ఇవి ఎక్కడ పెట్టారు?"

"బీరువాలోనండీ" అంది ఆమె. "ఉన్నిబట్టలూ, కలరా ఉండలూ, నా టెన్త్ సర్టిఫికెట్టూ, అన్నీ అందులోనే."

మేడమ్ తలెత్తి మొదటిసారి ఆమెని చూసింది. చార్టు ఇంట్లో ఎవరు చదువుతున్నారని అడిగింది. నేనేనండీ అంది. ఆ తర్వాత మేడమ్ గొంతు పెంచకుండా మామగారికి పెట్టిన చీవాట్లు, తెరిచి ఉన్న తలుపులోంచి బయట బెంచీ మీద వాళ్ళందరికీ వినపడ్డాయి. బూజు పట్టిన పప్పు కాలేయానికి ఎంత చెరుపో చెప్పింది. కలరా ఉండల వాసన పట్టినవి కుక్కకి కూడా పెట్టరంది. వెంటనే రక్తపరీక్ష చేయించుకోమని చీటీ రాసింది. మామగారు పెద్దబడిలో గోడకుర్చీ వేసిన పిల్లాడిలా బిగుసుకుపోయారు. భర్త ప్లాస్టిక్ అరటిపండు వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఎవరు నానబెడతారో, ఎవరు వండుతారో, వాళ్ళ చేతిలో ఉండాలి ఇవన్నీ. తాళంచెవి ఈ అమ్మాయికి ఇవ్వండి. బీరువా మొత్తం ఖాళీ చేసి శుభ్రం చెయ్యాలి."

ఇంటికొచ్చాక మొలతాడు ముడి విప్పడానికి మామగారికి చాలాసేపు పట్టింది. భర్త, "ఇచ్చెయ్ నాన్నా, మేడమ్ చెప్పారుగా" అన్నాడు. తాళంచెవి వెచ్చగా ఉంది, ఆయన ఒంటి సెగ. బీరువా లోపలి అర ఆకుపచ్చది. చచ్చిపోయిన అత్తగారికి మనసులోనే చెప్పింది ఆ సంగతి. ఉన్నిబట్టల కింద ఖాకీ కవరు దొరికింది. మార్కులు చూసుకుంది. లెక్కల్లో తొంభై ఒకటి. పప్పుసుద్దకి వచ్చిన మార్కులు.

రక్తపరీక్షలో ఏమీ రాకూడదని ఆమె గట్టిగా కోరుకుంది. ఈ మనిషి ఇప్పుడే పోకూడదు. చప్పిడి కూరలు తింటూ, గుండె గట్టిగా ఉంచుకుని, ఇంకా ఏళ్ళకేళ్ళు బతకాలి. ఆమె ఇంటర్ పాసవడం చూడాలి. పాప ఆయనకంటే ఎత్తు ఎదగడం చూడాలి. రోజూ పొద్దున ఆమె చేతిలోంచే గిన్నె అందుకోవాలి. అంత తేలిగ్గా ఆయన్ని వదిలిపెట్టే ఉద్దేశం ఆమెకి లేదు.

శుక్రవారం సాయంత్రం కొత్త పప్పుల డబ్బా తెరిచి, మామగారి గిన్నెలో ఆయన వాటా పోసింది. తర్వాత పాపని దగ్గరికి పిలిచి, ఆయన ఎదురుగానే, "నోరు తెరువు తల్లీ" అంది. పిల్ల తాతయ్య వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. తెరిచింది. ఆమె బాదంపప్పు పెట్టి, "నములు, నెమ్మదిగా" అంది. ఆ కరకర గదంతా వినపడింది.

మామగారి చూపు, రేపు సెంటరులో ఇవ్వడానికి ఫారంతో పాటు సర్దిపెట్టగా పాప బడిసంచిలోంచి తొంగిచూస్తున్న ఖాకీ కవరు మీద పడింది. అలవాటుకొద్దీ గొంతు సవరించుకున్నారు.

"ఏంటది? నన్ను అడక్కుండా తీశావా? చూడమ్మాయ్, నా దగ్గర నీ పప్పులు..."

"ఉడకవు మామయ్యగారూ, నాకు తెలుసు" అని ఆమె గిన్నెలో నీళ్ళు పోసి మూత పెట్టింది. "అందుకే నానబెట్టాను."