చెప్పుకోదగ్గ రోగం

పాలయ్య తొడ మీది కట్టు విప్పి వేడినీళ్లతో గాయం కడుగుతున్నాను. బాంబు ముక్క దిగిన చోటు. అన్నా అంటూ మా ఆయన వెంట తిరిగే మనుషుల్లో నేను గాయం కడగని వాడు లేడు. తొడలు, నడుములు, పిర్రలు, ఏదీ దాచుకోరు. అమ్మ కదా, సిగ్గెందుకు అంటారు. అరవై రెండేళ్ల ఈ అమ్మకు నాలుగేళ్లుగా కాళ్ల మధ్య ఎర్రగా ఒరుసుకుపోయి ఒకటే మంట, దురద. కుదురుగా కూర్చోలేను. ఒంటికి పోసుకుంటే, ఉచ్చ తగిలిన చోటల్లా కారం చల్లినట్టుంటుంది.

అత్తకు చెబితే, "ముసిలిదానివైనాక ఆడ దురదేందే నీకు?" అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు చూడకుండానే తామర మందిచ్చాడు. చూపించడానికి నాకూ నోరు రాలేదు. ప్రొద్దుటూరు పోదామంటే మా ఆయన విసుక్కున్నాడు. ఎదుటి వర్గం కాచుకుని ఉంది, రెండు జీపులు లేనిదే మా ఇంట్లో ఎవరం జమ్మలమడుగు దాటం. పులివెందులలో నా చెల్లెలు పోతే కర్మకు కూడా నన్ను పంపలేదు.

"ఏం రోగమని చెప్పి మనుషుల్ని లేపల్ల? ఎలక్షన్లు అయిపోనీ" అన్నాడు. కిందటి ఎలక్షన్లప్పుడూ అదే మాట. చీరకు రక్తం అంటిన రోజున మాత్రం, కడుపునొప్పి అని అందరికీ చెప్పి ప్రొద్దుటూరికి బయలుదేరదీశాడు.

డాక్టర్ ఖమ్రున్నీసా లైటు దగ్గరికి లాక్కుని నిదానంగా చూసింది. ఇన్నేళ్లలో అక్కడ చూసిన మొదటి మనిషి. నాకు ఏడుపొచ్చింది.

"ఇది తామర కాదమ్మా. పెద్ద వయసు ఆడవాళ్లకు ఎక్కడో అరుదుగా వచ్చే చర్మం జబ్బులా ఉంది. క్యాన్సర్ జాతిది. చర్మం వరకే ఉంటే కోసి తీసేయొచ్చు. ముక్క తీసి పరీక్షకు పంపితే కానీ తెలీదు. రేపు పొద్దున తీస్తాను, ఈ రాత్రికి ఉండండి."

"చర్మం వరకే ఉందంటావా తల్లీ?"

"నాలుగేళ్లంటున్నారు కదమ్మా" అని ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

మా ఆయన, ఆయన మనుషులు వరండాలో ఉన్నారు. ఆయన్ను పక్కకు పిలిచి చెప్పాను. ముఖం మాడిపోయింది.

"ఈ ఊర్లో రాత్రి ఉండేదా? అదీ ఆడ కోయించుకునేకి? తెలిస్తే నా మొగం యాడ పెట్టుకోల్ల? ఎలక్షన్లు కానీ, చూద్దాం." వెంటనే వాళ్ల వైపు తిరిగి, "గ్యాసంట. జీపులు తీయండ్రా" అన్నాడు.

అందరూ లేచారు. అలవాటుగా నేనూ రెండడుగులు వేశాను. శానా భయంగా ఉంది, ఆయనంటే కాదు, డాక్టరమ్మ చెప్పకుండా వదిలేసిన మాటంటే. ఆగాను.

"గ్యాసు కాదప్పా" అన్నాను, వాళ్లందరికీ వినబడేట్టు. "ఒంటికి పోసుకునే తావులో పుండు. క్యాన్సరేమో అంటాంది డాక్టరమ్మ. రేపు ముక్క కోస్తాది, నేను ఈడే ఉంటా. ఊర్లో ఎవరడిగినా ఇట్లనే చెప్పండి. మీ అన్నకు నోరు రాదు."