మూడో ప్లగ్గు

మంఖాల్‌లో ఉండే చెల్లెలు కాలు విరిగి మంచాన పడిందని తెలిసి, జంగమ్మ పొద్దున్నే మేకకాళ్ల పాయ వండింది. స్టీలు క్యాను నిండా పోసి, మూత ఊడకుండా పాత సైకిలు ట్యూబు పట్టీతో బిగించి కట్టింది. కొడుకు కొండల్ క్యాబ్ తీసుకుని ఎయిర్‌పోర్టు కిరాయికి వెళ్లిపోయాడు. కోడలు మాధవీలత ఇంట్లో ఉన్న పాత కారు తాళం తీసి, "పోదాం పా అత్తమ్మా" అంది.

పాల్మాకులలో బయల్దేరినప్పుడు బాగానే ఉంది. ఎయిర్‌పోర్టు గోడ పక్క రోడ్డెక్కాక బండి దగ్గడం మొదలుపెట్టింది. ఎంత తొక్కినా ఊపందుకోదు. సీటు గడగడ వణుకుతోంది.

"ఏమైంది బిడ్డా?"

"మిస్సింగు కొడుతుంది అత్తమ్మా. మూడు ప్లగ్గులల్ల ఒకటి మండుతలేదు. గిట్లనే పోతె ఇంజన్ ఖరాబైతది."

మాధవీలత బండిని పక్కకు ఆపి బానెట్ ఎత్తింది. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి, ఇంజన్ చప్పుడు వినాలి; ఏది పీకినా చప్పుడు మారకపోతే అదే పనిచేయనిది. లోపల తాళం తిప్పే మనిషి కావాలి కాబట్టి అత్తను కూర్చోమంది.

"నాతోని కాదు. అది ఉరికితె?"

"న్యూట్రల్ల ఉంది, హ్యాండు బ్రేకేసిన. ఎటూ ఉరకది. జర పెడల్ మీద కాలు పెట్టు, చాలు."

జంగమ్మ స్టీరింగు ముందు కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. తాళం తిప్పగానే ఇంజన్ గుర్రుమంది. అయినా పెడల్ మీంచి కాలు తీయలేదు.

మొదటి వైరు పీకితే ఇంజన్ ఆగిపోబోయింది. "ఇది మంచిగనే ఉంది" అని కోడలు బండి ఆపించి, దాన్ని తిరిగి పెట్టింది. రెండోదీ అంతే. మూడోది పీకి స్టార్ట్ చేస్తే చప్పుడులో ఏ తేడా లేదు.

"ఇందాకటి లెక్కనే ఉంది గదా!" లోపల్నుంచి జంగమ్మే అరిచింది.

"దొరికింది అత్తమ్మా! దీనిదే పని."

ఆ వైరు తిరిగి తగిలించి, మళ్లీ స్టార్ట్ చేయించి వంగి చూసింది. ఎలుక కొరికిన చోటి నుంచి పక్కనున్న ఇనుముకు టిక్కుటిక్కుమని నిప్పురవ్వ దూకుతోంది. ప్లగ్గుకు చేరాల్సిన కరెంటు దారిలోనే పోతోంది. చుట్టడానికి టేపు కోసం డిక్కీ అంతా వెతికినా దొరకలేదు. జంగమ్మ దిగివచ్చి, క్యాను మీది ట్యూబు పట్టీ విప్పి చేతికిచ్చింది.

"రబ్బరే గదా. పనికొస్తదా?"

మాధవీలత నవ్వి, ఇంజన్ ఆపి, వైరుకు పట్టీని గట్టిగా చుట్టి ఇనుముకు దూరంగా జరిపింది. ఈసారి బండి వణుకు లేకుండా నిలకడగా మోగింది.

మంఖాల్ దాకా జంగమ్మ క్యాను మూతను అరచేత్తో నొక్కి పట్టుకునే కూర్చుంది. ఇన్నేళ్లూ బస్సులు మారి, ఎండలో నిలబడి, చెల్లెలి ముఖం చూడ్డానికి పడ్డ తిప్పలు గుర్తొచ్చాయి. ఇప్పుడు పోదాం పా అనే మనిషి ఇంట్లో ఉంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

చెల్లెలి వాకిట్లో దిగాక మాధవీలత నల్లబడ్డ చేతులతో నీళ్ల కోసం చూసింది. జంగమ్మ చెంబుతో నీళ్లు ముంచుకొచ్చి తానే పోసింది.

"నేను కడుక్కుంట అత్తమ్మా. లోపల చిన్నత్తమ్మ నీ కోసం చూస్తుంటది, నువ్వు పో."

"చూడనీ. సబ్బు పెట్టి మంచిగ రుద్దుకో. నువ్వు లేకుంటె ఇయ్యాల నేను రోడ్డు మీదనే ఉందును బిడ్డా."

లోపల్నుంచి చెల్లెలు ఎవరొచ్చిండ్రని కేకేసింది.

"నేనే! నా కోడలు తోల్కొచ్చింది" అని జంగమ్మ వాడంతా వినపడేట్టు చెప్పింది.