బీరువాలో అమ్మ గొంతు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు వినిపించేది అమ్మ గొంతు. అది బీరువాలో ఉంటుంది. స్నానానికి వెళ్తూ నాన్న తువ్వాలు కోసం ఇనుప తలుపు లాగగానే, మడత బట్టల అడుగునుంచి "ఊఁ..." అని లోతుగా, బొంగురుగా ఒక మూలుగు వస్తుంది. నాన్న "లేచావా" అని పలకరించి, తువ్వాలు తీసుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేస్తాడు. అప్పటికి అమ్మ వంటింట్లో టీ పెడుతూ ఉంటుంది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు "ఏంటండీ ఆ చప్పుడు?" అని అడిగితే, "మా ఆవిడ గొంతండీ" అంటాడు. వాళ్ళు "ఓహో" అని టీ తాగుతారు. ఇంకేమంటారు? ఒకళ్ళింట్లో పిల్లి ఉంటుంది, ఇంకొకళ్ళింట్లో గొంతుంటుంది.

అది అక్కడికి చేరిన కథ పెద్దదేమీ కాదు. అమ్మ బళ్ళో చదువుకునే రోజుల్లో ఆమె గొంతు ఉన్నట్టుండి కిందికి దిగింది. పాటల పోటీకి బయల్దేరుతుంటే వాళ్ళన్నయ్య గుమ్మంలో ఆపాడు. "ఆడపిల్లకి ఆ గొంతేంటే, లారీ స్టార్టు చేసినట్టు! పరువు పోతుంది, లోపల పెట్టు" అన్నాడు. అమ్మ అప్పట్లో చెప్పిన మాట వినే పిల్ల. తీసుకెళ్ళి బీరువాలో బట్టల అడుగున పెట్టేసింది. అప్పటినుంచి గుసగుసలతోనే పెళ్ళి చేసుకుంది, బీరువాని వెంట తెచ్చుకుంది, గుసగుసలతోనే కూతుర్ని పెంచింది, కూరగాయల బేరం కూడా గుసగుసలతోనే ఆడింది. మధ్యలో ఒకట్రెండుసార్లు తలుపు తీసి పిలిచి చూసింది. గుసగుసకి గొంతెక్కడ వస్తుంది? దాన్ని దాని లోతులోనే పిలవాలి. అంత లోతున పలికేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఆ అన్నయ్యే పెద్దమావయ్య. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఇల్లు ఆయనది కాదు గానీ, ఇంట్లో మాట ఆయనదే. ఒక ఆదివారం వచ్చి కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"చెల్లాయికి మంచి చెక్క బీరువా చేయించాను. వచ్చే ఆదివారం దింపుతారు. ఈ తుప్పు డబ్బాని పాత ఇనుమువాళ్ళకి చెప్పేశాను. అదే రోజు పట్టుకుపోయి కరిగించేస్తారు."

అమ్మ టీ కప్పు ఆయనకివ్వకుండా పక్కన పెట్టేసింది. "వద్దన్నయ్యా" అంది.

"ఏంటమ్మా? వినపడట్లేదు."

"వద్దంటోంది మావయ్యా. అందులో అమ్మ గొంతుంది కదా" అంది కూతురు.

"నీ నోటి సంగతి నాకు తెలుసుగానీ, దాన్ని చెప్పనీ. అది నాకు వినపడేట్టు వద్దందనుకో, అక్కడికక్కడే ఆపేస్తాను. నేనేమైనా రాక్షసుణ్ణా?"

అమ్మ మళ్ళీ అంది. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, నవ్వి, చెప్పులు వేసుకున్నాడు. ఇలాంటివాళ్ళకి చెవుడు రాదు, కావలసినప్పుడు వాళ్ళే తెచ్చుకుంటారు.

కూతురు కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుంది. పగలంతా ఎవరెవరి దవడలో ముందేసుకుని అరగదీస్తుంది, సాయంత్రం కాగానే గిటారు అందుకుంటుంది. బస్సు డిపోలో మెకానిక్కుగా ఉన్న స్నేహితురాలు డ్రమ్ములు కొడుతుంది. ఇద్దరే బ్యాండు. తీగల్ని వదులు చేసి, ఇంకా వదులు చేసి, శ్రుతిని పాతాళానికి దించి వాయించే హెవీ సంగీతం వాళ్ళది. విన్నవాళ్ళలో సగంమంది చెవులు మూసుకుంటారు, సగంమంది కిటికీలు మూసుకుంటారు. కింది ఫ్లాటాయన చీపురుకర్రతో కప్పు మీద కొడతాడు. వీళ్ళు లెక్కచెయ్యరు.

కానీ ఆ గిటారుకి ఒక జబ్బుంది. తీగల కింద పికప్పులని ఉంటాయి. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి చుట్లు. తీగ వణుకుని పట్టి స్పీకరుకి అందించేవి అవే. గిటారుతో పాటు వచ్చిన పికప్పులు మామూలు శ్రుతికి సరిపోతాయి. ఇంత కిందికి దించేసరికి ఆరు తీగలూ కలిసిపోయి ఒకటే బురద. ఆ బురద మోగినప్పుడల్లా బీరువా హ్యాండిలు టకటకా కొట్టుకునేది. ఎవరో పిలుస్తున్నారని లోపలున్న గొంతుకి తెలుస్తోంది, ఏమని పిలుస్తున్నారో అర్థం కావట్లేదు.

"పికప్పులు మార్చేస్తాను" అంది కూతురు, మావయ్య మెట్లు దిగగానే. "ఆదివారంలోపు దాన్ని బయటికి పిలుస్తాను."

"ఎందుకే గొడవ?" అంది అమ్మ గుసగుసగా.

"గొడవ కోసమే."

గిటారు షాపాయన ఎక్కువ ఆలోచించలేదు. "హెవీ కదా? అయితే ఇది" అని ఎర్ర డబ్బా తీశాడు. "మా దగ్గర ఇంతకంటే హాట్ పికప్పు లేదు. చుట్లు నిండా దట్టించారు. సిగ్నలు తన్నుకొస్తుంది." ఆ సంగీతం వాయించేవాళ్ళందరూ అదే నమ్ముతారు, ఆమె కూడా నమ్మింది. డ్రమ్ములమ్మాయి పాతవి ఊడదీసి కొత్తది టంకం పెట్టింది. మొదటి దెబ్బకే కింది ఫ్లాటులోంచి చీపురుకర్ర లేచింది. బురద మాత్రం పోలేదు. ఇంకాస్త చిక్కబడింది. బీరువాలో నాఫ్తలీన్ ఉండలు దొర్లాయి. మర్నాడు పొద్దున నాన్న పలకరిస్తే గొంతు పలకలేదు. బెదిరిపోయి ఏ మూలో నక్కింది.

నాన్న తువ్వాలు సంగతి మరిచి, బట్టల మడతలు ఒక్కొక్కటే ఎత్తి వెతికాడు. ఆయన్ని అలా చూసేసరికి కూతురికి ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది.

ఆ కోపంతోనే ల్యాబుకి వెళ్ళింది. ఎవరో డాక్టరు పంపిన దవడ అచ్చు బల్ల మీద ఉంది. ముద్ద మరీ ఎక్కువ కూరడంతో పళ్ళ మధ్య సందులన్నీ పూడిపోయి, దవడంతా ఒకటే పన్నులా వచ్చింది. అలాంటివి ఎన్నో పారేసింది. ఆ రోజు మాత్రం పారెయ్యకుండా తిప్పి తిప్పి చూసి, 'ఎక్కువ దట్టిస్తే ఏదైనా ఇంతే' అనుకుని, పని కాగానే తిన్నగా షాపుకెళ్ళింది.

"ఇది తీసుకుని, చుట్లు తక్కువున్నది ఇవ్వండి. అయస్కాంతం గట్టిదే కావాలి."

"తక్కువా? చప్పుడు తగ్గిపోదూ?"

"చప్పుడు సంగతి ఆంప్లిఫయరు చూసుకుంటుంది. నాకు ఆరు తీగలూ విడివిడిగా వినపడాలి."

షాపాయన గడ్డం గోక్కుని, వెనక అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి తెచ్చాడు. "సిరామిక్ అయస్కాంతం, చుట్లు మధ్యరకం. హెవీవాళ్ళెవరూ దీని మొహం చూడలేదు. పలికితే నాకూ వినిపించండి."

డ్రమ్ములమ్మాయికి ఆ వారమంతా డిపోలో డ్యూటీ. ఆదివారం పొద్దున ఆమె పికప్పు ఆఖరి వైరుకి టంకం పెడుతుండగానే మావయ్య వచ్చేశాడు. వెనకాల ఇద్దరు మనుషులు, వాళ్ళ చేతిలో తాడు. బీరువాకి రెండు చుట్లు చుట్టారు.

"వద్దన్నయ్యా" అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి.

"వినపడట్లేదమ్మా."

"అంటుకుంది, ఇక కానివ్వు!" అంది డ్రమ్ములమ్మాయి టంకం మీద ఊదుతూ.

కూతురు తీగలు మీటింది. ఆరూ ఆరుగురు మనుషుల్లా విడిగా నిలబడి పలికాయి. బీరువాలోంచి "ఊఁ?" అని వినిపించింది. ఎవరది, అని అడిగినట్టుగా ఉంది. తాడు పట్టుకున్నవాళ్ళు ఆగారు. కానీ అన్నిటికంటే కింది తీగ చివర్లో తూలింది, జవాబు సగంలో తెగిపోయింది.

"పికప్పు మరీ దగ్గరుంది" అంది కూతురు. "వదులు తీగ కదా, అయస్కాంతం లాగేస్తోంది. ఏదీ, స్క్రూడ్రైవరు!"

"చూస్తారేంటయ్యా, ఎత్తండి" అన్నాడు మావయ్య.

బీరువా ముందుకాళ్ళు నేల విడిచాయి. కూతురు స్క్రూ వదులు చేసి పికప్పుని తీగకి కాస్త దూరంగా దించింది. ఒంట్లో బలమంతా చేతిలోకి తెచ్చుకుని మీటింది.

తాడు బిగించి ఉన్నా తలుపు తెరుచుకుంది. నాఫ్తలీన్ వాసనతో గొంతు బయటికొచ్చింది. మోకాళ్ళెత్తున గది దాటి అమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ మందు వేసుకునేటప్పటిలా నోరు తెరిచి, మింగి, ఒక్కసారి వెక్కింది.

"అన్నయ్యా."

అలమరలో గ్లాసులు జరిగాయి. ఎవరూ చెప్పకుండానే ఆ ఇద్దరూ బీరువాని దించేశారు.

"వద్దు" అంది అమ్మ. "వినపడిందా? ఇంకా కిందికి చెప్పనా?"

చెవి వెనక పెట్టుకోబోయిన మావయ్య చెయ్యి మధ్యలోనే ఆగింది. ఆడిన మాట ఉంది, చూసిన సాక్షులున్నారు. అయినా ఊరుకుంటే ఆయనెలా అవుతాడు?

"సరేలే, గొంతొచ్చేసిందిగా. ఖాళీ డబ్బా ఇంకెందుకూ?"

"ఖాళీ ఎందుకన్నయ్యా? నీ గొంతు పెట్టి వెళ్ళు. బట్టల అడుగున బోలెడు చోటుంది."

బావగారి ముందు నాన్న పైకి నవ్వడం అదే మొదటిసారి. మావయ్య నోరు గట్టిగా మూసుకుని మెట్లు దిగాడు, తెరిస్తే ఎక్కడ జారిపోతుందోనని.

ఆ మధ్యాహ్నమే దిగిన చెక్క బీరువాలో ఇప్పుడు డ్రమ్ములు సర్దుకుంటున్నారు. మరుసటి ఆదివారం డ్రమ్ములమ్మాయి మొహమాటపడుతూ అడిగింది, "ఆంటీ, మా శ్రుతి బాగా కింద ఉంటుంది. అంత కిందికి దిగగలరా?"

"నేను దిగుతాను. మీ గిటారు నా వెంట రాగలదేమో చూసుకోండి."

దిగింది. కూతురు తీగని ఇంకొంచెం వదులు చేసి, స్క్రూడ్రైవరు అందుకోవలసి వచ్చింది. మొదటి చరణం అయ్యేసరికి కిందనుంచి చీపురుకర్ర దెబ్బలు మొదలయ్యాయి. అమ్మ తలూపుతూ కాసేపు విన్నది.

"తాళం తప్పుతున్నాడు, చెప్పండి" అని రెండో చరణం ఎత్తుకుంది.