తలుపు వెనక కాగితాలు

ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు నోటీసు బోర్డులో పెట్టారు. ఫిర్యాదు ఎవరి మీదో ఆయన పేరు పెట్టలేదు. ‘గౌరవనీయులైన ఒక ఆచార్యులు’ అని రాసి సరిపెట్టారు. పది రోజుల్లో సాక్ష్యం చూపకపోతే ఆమె సీటు రద్దు.

నాది యూనివర్సిటీ గేటు పక్కన జిరాక్సు, బైండింగు షాపు. ఇరవై రెండేళ్లుగా వాళ్ల విజ్ఞానానికి అట్టలు వేస్తున్నాను. అట్ట ఎంత మందమో లోపల సరుకు అంత పలచన. ఎవరి థీసిస్ ఎందులోంచి ఎత్తారో కూడా చెప్పగలను. రెండూ నా మిషను మీదే కాపీ అయ్యాయి.

ఆ అమ్మాయి నోటీసు కాపీకి నా దగ్గరికే వచ్చింది. రెండేళ్ల పరిశోధన ఆమెది. ఆ ఆచార్యుడే గైడు. సాయంత్రం చర్చకని పిలిచి తలుపు గడియ వేసేవాడు.

“గైడును మార్చమని అడగకపోయావా తల్లీ? పెద్దవాళ్లతో గొడవెందుకు?” అన్నాను. యూనివర్సిటీ పనులన్నీ నాకే వస్తాయి. నా నోట ఇంకేం మాట వస్తుంది?

“అడిగాను బాబాయ్. మార్చాలంటే ఆయన సంతకం కావాలట.”

పక్కనే స్వీపర్ల మేస్త్రీ ఉంది. అందరూ అక్క అంటారు. నెలాఖరు కాగితాలు బైండింగుకు తెచ్చింది. స్వీపర్లు పని ఎగ్గొడుతున్నారని మూడేళ్ల కిందట రిజిస్ట్రారు ప్రతి గది తలుపు వెనకా ఒక కాగితం అంటించాడు. ఊడిస్తే టైమూ సంతకమూ, ఊడవకపోతే కారణమూ రాయాలి. నెలకోసారి ఆఫీసు వాటి మీద ముద్ర గుద్దుతుంది, నేను కుట్టి అట్ట వేస్తాను. చదివిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

“ఏ గదమ్మా?” అంది అక్క.

“రెండో అంతస్తు, చివరిది.”

“గడియ సారా?”

అమ్మాయి ఉలిక్కిపడింది. “మీకు తెలుసా?”

“ఆ పేరు పెట్టిందే మేము. ఎందుకు ఊడవలేదో రాయమన్నారు కదా, మర్నాడు గది తెరిచాక రాశాం.” కట్ట విప్పి ఒక కాగితం తీసింది. వంకర అక్షరాలు: ‘లోపల గడియ. ఆడపిల్ల ఉంది. తట్టాను. తియ్యలేదు. 5-40.’ కింద ఆఫీసు ముద్ర.

అక్క స్టోరు గదిలోంచి తెచ్చిన మూడేళ్ల పుస్తకాలు వెతికితే అలాంటివి ముప్ఫై ఒకటి దొరికాయి. కొన్ని ఈ అమ్మాయి చేరకముందువి.

“నువ్వు సాక్ష్యం చెబితే నీ ఉద్యోగం పోతుంది అక్కా,” అన్నాను.

“ఆ భయంతోనే మూడేళ్లు తలుపు తట్టి వెనక్కి పోయాను. ఇక పోను.”

ఆ సాయంత్రం నా షాపు ముందు విద్యార్థులూ స్వీపర్లూ చేరారు. ఒక విద్యార్థి నాయకుడు చరిత్ర మొదటినుంచీ ఎత్తుకున్నాడు. “తమ్ముడూ, చరిత్ర అయ్యాక పిలువు, మాకు డ్యూటీ ఉంది,” అంది ఒక స్వీపరు. నవ్వులు తగ్గాక ఆవిడే అంది: “మీరు చదువుకుని వెళ్లిపోతారు. రోడ్డున పడేది మేము.”

“నిజమే పిన్నీ. అందుకే ఒక్కరం వెళ్లొద్దు. అందరం వెళ్దాం,” అంది అమ్మాయి.

లాభనష్టాలు బేరీజు వేసుకుంటూ అంతవరకూ గల్లా దగ్గరే కూర్చున్నాను. లేచి ఆ కాగితాల కాపీలకు మిషను ఆన్ చేశాను. ఇకమీదట యూనివర్సిటీ పని రాదని తెలుసు.

విచారణకు ఒక్కరే రావాలన్నారు. రెండు వందల మందిమి వెళ్లాం. కమిటీ ఛైర్మను ఆచార్యుడి స్నేహితుడే. సమానత్వం మీద ఏటా ఉపన్యాసం ఇచ్చేదీ ఆయనే. కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

“స్వీపర్ల రాతలు సాక్ష్యం ఎలా అవుతాయి?”

“పోయినేడు ఇవే చూపించి మా చెల్లెల్ని పనిలోంచి తీసేశారయ్యా. అప్పుడెలా అయ్యాయి?” అంది అక్క.

ఛైర్మను నీళ్ల గ్లాసు కోసం తడుముకున్నాడు.

“చీపురు పట్టేవాళ్లా నాకు తీర్పు చెప్పేది?” అన్నాడు ఆచార్యుడు.

“రాయమన్నది మీవాళ్లే కదయ్యా.”

అంత చదువుకున్న కమిటీకి తోచిన జవాబు ఒక్కటే: పోలీసులు. ఆఫీసు పత్రాల దొంగతనమని అక్కను పట్టుకుపోయారు.

మర్నాడు ఒక్క గదీ ఊడవలేదు. ఒక్క క్లాసూ జరగలేదు. అందరం స్టేషను ముందు కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చాడు. “క్షమాపణ రాసిస్తే వదిలేస్తాం. చెప్పండి ఆవిడకి.”

లోపలి నుంచి అక్క గొంతు: “రాయాల్సింది ఎప్పుడో రాశాను. వాడి ఉద్యోగం ఊడేదాకా మీరు లేవకండి.”

అప్పుడు ఆ అమ్మాయి నిలబడింది. కాగితాలు పట్టుకుని ఒక్కొక్క తేదీ, టైము గట్టిగా చదవసాగింది. ఏడో కాగితం దగ్గర, బస్సు స్టాపులో నిలబడి చూస్తున్న ఒకావిడ సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటి వచ్చింది. కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు. ఆవిడ దాన్ని పక్కకు నెట్టింది.

“ఆ రోజు లోపలున్నది నేను. చదువు మానేసి వెళ్లిపోయాను. రాసుకోండి నా పేరు.”

అమ్మాయి ఆవిడకు పక్కన చోటిచ్చి, ఎనిమిదో కాగితం చదివింది. గుంపులోంచి ఇంకొకరు లేచారు.