అచ్చియ్యమ్మ పేరు మీద

"లక్షాధికారివి, నన్నడుగుతావేటే?" అన్నాడు దాసు మేష్టారు, కొత్తిమీరకీ పచ్చిమిరపకాయలకీ ఇరవై రూపాయలడిగిన పెళ్ళాంతో. వీధరుగు మీద కూర్చున్న పెన్షనర్లు నలుగురూ పకపకా నవ్వారు. కూరల బండివాడూ నవ్వాడు. అచ్చియ్యమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే సాయంత్రం దాకా "అంత మూతి ముడుసుకోడానికి నేనేటన్నానని?" అనే పాట వినాలి. మేష్టారు జేబులోంచి ఇరవై కాగితం తీసి, ఆవిడ చాచిన చేతిలో కాకుండా, ఆవిడ మీదుగా వంగి బండివాడి చేతిలో పెట్టాడు.

లక్షాధికారి అన్నది అబద్ధం కాదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యేనాటికి జీతంలో మిగిలిన సొమ్ములో తొమ్మిది లక్షలు ఆయన పెళ్ళాం పేరు మీద బ్యాంకులో డిపాజిట్ వేశాడు. ప్రేమకొద్దీ కాదు. తన పేరు మీద వేస్తే వడ్డీకి పన్ను పడుతుందని. "మగాడి పేరు మీద ఏస్తే గవర్నమెంటు తింటాది. ఆడదాని పేరు మీద ఏస్తే మనం తింటాం" అని ఆ అరుగు మీద ఆయన చెప్పిన పాఠం విని, చోడవరంలో ఇంకొంతమంది పెన్షనర్లు కూడా తమ పెళ్ళాలని లక్షాధికారుల్ని చేసేశారు. ఆ లక్షాధికారులందరూ కూరల బండి దగ్గర నిలబడి మొగుళ్ళ జేబుల వంక చూసేవాళ్ళే.

ఏప్రిల్ రాగానే ఆయన ఒక ఫారం తెచ్చి, "ఇక్కడెట్టు, ఇదిగో ఇక్కడ కూడా" అంటూ వేలితో చూపించేవాడు. ఏటిదండీ అంటే, "వడ్డీలో పన్ను కొయ్యొద్దని రాసిచ్చే కాయితం. నీకు తెలిస్తే ఏటి, తెలీకపోతే ఏటి" అనేవాడు. అచ్చియ్యమ్మ పదో తరగతి చదివింది. చదవడం వచ్చు, చదివే వ్యవధి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పొయ్యి మీద పులుసు పొంగుతుండగానో, చేతికి పిండి అంటుకుని ఉండగానో ఆ కాగితాలు వచ్చేవి. కొంగుకి చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టేసేది. బ్యాంకు ఖాతా ఆవిడది, ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉండేది, మెసేజీలు ఆయన ఫోనుకి వచ్చేవి.

ఆ డబ్బులోంచి ఆవిడ అడిగింది ఒక్కటే. పడగ్గది పక్కన కమోడ్ పెట్టించిన చిన్న బాత్రూమ్. వాళ్ళ మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేదు. గోడకి కొట్టిన మేకు పట్టుకుని, పళ్ళ బిగువున లేస్తుంది. ఒకసారి వానలో ఆ దారిలోనే జారిపడింది. "మా అమ్మ ఎనభయ్యేళ్ళు అక్కడికే ఎల్లింది. నీకొచ్చిందేటి?" అన్నాడు మేష్టారు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ అడగలేదు. సాయంత్రమైతే మంచినీళ్ళు తాగడం మానేసింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా మజ్జిగ ఇవ్వబోతే ఆయనే అడ్డుపడి, "మా ఆవిడకి దాహం ఎయ్యదండి, ఒంటె జాతి" అని నవ్వించేవాడు.

ఈ నెల డిపాజిట్ గడువు తీరుతోంది. ఆవిడ మనసులో మళ్ళీ ఆశ కదిలింది. ఈసారి గట్టిగా అడుగుదామని రెండు మూడుసార్లు గొంతు సవరించుకుంది కూడా. అంతలో మేష్టారి తమ్ముడు బంగార్రాజు వచ్చి, వెంకన్నపాలెం రోడ్డులో సైటు ఒకటి ఉందని, ఆ తొమ్మిదీ తెస్తే అన్నదమ్ములిద్దరి పేరా రాయించుకోవచ్చని చెప్పాడు. టీ గ్లాసులు అందిస్తూ అచ్చియ్యమ్మ, "మరి నా పేరు మీద రాయించరా?" అంది.

"సైటుకి వడ్డీ రాదు కదే. నీ పేరెందుకు?" అన్నాడు మేష్టారు, చాలా మామూలుగా.

ఆ మాట ఆవిడని ముల్లులా పొడుస్తూనే ఉంది. పన్ను పడే చోట తన పేరు కావాలి, పన్ను లేని చోట అక్కర్లేదు. ఇన్నేళ్ళూ తన పేరు ఆ ఇంటికి గొడుగులాంటిది. వాన వెలిస్తే తలుపు మూల నిలబెట్టేస్తారు.

సరిగ్గా అప్పుడే ఇన్‌కంట్యాక్స్ వాళ్ళ నోటీసు వచ్చింది, అచ్చియ్యమ్మ పేరు మీదే. రిటర్ను వెయ్యని మీకు ఇంత డిపాజిట్ ఎక్కణ్నుంచి వచ్చిందని ప్రశ్న. మేష్టారికి ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడని ఆటో ఎక్కించుకుని, ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా మేడ మీదున్న శివాజీ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. శివాజీ పన్ను కాగితాలు రాసిపెట్టే మనిషి, ఆయన దగ్గర చదువుకున్నవాడు. మెట్ల మధ్యలో అచ్చియ్యమ్మ ఆగి ఊపిరి తీసుకుంటుంటే, "ఎక్కవే, నీ పనికే కదా వచ్చింది" అన్నాడు మేష్టారు పైనుంచి.

శివాజీ నోటీసు చదివి తల గోక్కున్నాడు. "మేష్టారూ, మొగుడి డబ్బు పెళ్ళాం పేరు మీద ఏస్తే, ఆ వడ్డీ మొగుడి ఆదాయంలోనే కలుపుతారండి. ఇదంతా మీ డబ్బని సెప్తే ఇన్నేళ్ళ పన్ను, దాని మీద వడ్డీ మీరే కట్టుకోవాల."

"కట్టకుండా దారేటీ లేదేట్రా?"

"అమ్మగారి సొంత సంపాదనయితే ఏ గొడవా లేదండి. అమ్మగారేటైనా సేసేవారా?"

"అదేటి సేస్తాది, ఇంట్లో కాలీగా..." అని నోటి అలవాటుకొద్దీ అనబోయి మేష్టారు నాలిక కరుచుకున్నాడు. ఒక్క నిమిషం ఆలోచించి, ముఖం వెలిగించుకుని, "గేదెలుండేవిరా! పాలమ్మేది!" అన్నాడు.

అచ్చియ్యమ్మ తలెత్తి మొగుడి మొహం చూసింది. పెళ్ళయినప్పట్నుంచీ ఆ మాట ఆయన నోట బయటివాళ్ళ ముందు వినలేదు. పాలమ్ముకునే పెళ్ళామంటే స్కూల్లో చులకనైపోతానని, క్యాన్లు పట్టుకుని వీధిన వెళ్ళకుండా పెరటి సందులోంచి వెళ్ళమనేవాడు. హెడ్మాస్టరు ఇంటికొచ్చి మీ శ్రీమతి ఏం చేస్తారని అడిగితే, ఆవిడ చేతి కాఫీ తాగుతూ "ఏమీ చెయ్యదండి" అన్నాడు. చీకటితో లేచి పేడ తియ్యడం, పాలు పితకడం, టీకొట్లకీ ఇళ్ళకీ పొయ్యడం ఏమీ చెయ్యకపోవడం కిందికే వచ్చాయి కాబోలు. చెరకు గానుగల కాలంలో గేదెల మేతకి చెరకాకు మోపులు నెత్తిన పెట్టుకొస్తే ముంజేతులన్నీ గీరుకుపోయి, స్నానానికి నీళ్ళు పోసుకుంటే భగ్గుమనేవి. "ఆ చేతులేటి కూలిదానిలాగ, పేరంటానికి నిండు చేతుల రవిక ఏసుకో" అనేది అత్తగారు. ఆ పాల డబ్బుతోనే బియ్యం, ఆ పాల డబ్బుతోనే పిల్లల ఫీజులు, అత్తగారి మందులు, ఆడపడుచు పురుళ్ళు. మేష్టారి జీతం మాత్రం ముట్టుకోకుండా మేష్టారి జీతంగానే మిగిలింది. అలా మిగిలిందే డిపాజిట్లయింది. ఆ మాట ఆవిడ ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. అనడానికి ఒక మాట ఉంటుందని కూడా తెలియలేదు. ఇవాళ పన్ను తప్పించుకోడానికి ఆయన అల్లుతున్న అబద్ధం, ఆవిడ జీవితంలో జరిగిన నిజం.

"ఎన్ని గేదెలండి?" శివాజీ కాగితం తీశాడు.

"రెండనుకుంటాను."

"నాలుగు బాబూ" అంది అచ్చియ్యమ్మ.

"ఎన్నాళ్ళు?"

"ఓ అయిదారేళ్ళుంటాదేమో" అన్నాడు మేష్టారు.

"మా అబ్బాయి మహేషు నడక నేర్సినప్పట్నుంచి, ఆడి ఇంజినీరింగు అయ్యేదాకా."

శివాజీ పాల ధరలు అడుగుతూ, దాణా ఖర్చు తీసేస్తూ, కాలిక్యులేటర్ నొక్కుకుంటూ పోయాడు. చివరికి ఆగి, ఇబ్బందిగా మేష్టారి వంక చూశాడు. "సాలా ఎక్కువొచ్చేస్తందండి. డిపాజిట్‌కి రెండింతలు దాటిపోయింది. ఇంత రాస్తే ఆళ్ళు నమ్మరు."

"తగ్గించరా, తగ్గించు. రెండు గేదెలే రాయి. ఏళ్ళు కూడా సగం సేసీ."

ఒక్క గీతతో రెండు గేదెలు పోయాయి, సగం వయసు పోయింది. అచ్చియ్యమ్మకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండుకొచ్చింది. తన కష్టం ఎక్కువైపోయిందట. నమ్మేటంత తక్కువ చేసి రాయాలట. కళ్ళ ముందే రాశారు కూడా.

శివాజీ టైపు చేసిన కాగితం తెచ్చి చదివాడు. "సదరు సొమ్ము పూర్తిగా నా స్వార్జితం. దీనిపై నా భర్తకు గాని, ఇతరులకు గాని ఎటువంటి హక్కూ లేదు."

"సంతకం ఎట్టీయే, మళ్ళీ బ్యాంకుకెల్లాల. బంగార్రాజు కాసుక్కూర్సున్నాడు" అని మేష్టారు తొందరపెట్టాడు.

"ఉండండి" అంది ఆవిడ. కాగితం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, మొదట్నుంచి చివరిదాకా తనే చదివింది. "బాబూ శివాజీ, ఇది నిజమేనా?"

"మీరు పాలమ్మింది నిజమే కదమ్మా."

అచ్చియ్యమ్మ సంతకం పెట్టింది.

నెల మొదటివారం కావడంతో బ్యాంకు నిండా పెన్షనర్లే. అరుగు మీద నవ్విన నలుగురూ అక్కడే కుర్చీల్లో ఉన్నారు. బంగార్రాజు మోటారుసైకిల్ తాళం వేలికి తిప్పుకుంటూ ఎదురొచ్చాడు. కౌంటరులో దేవిశ్రీ అనే చిన్న వయసు అమ్మాయి డిపాజిట్ రసీదు తీసుకుంది. మేష్టారు బంగార్రాజు ఖాతా నంబరు రాసిన చీటీ ముందుకి తోశాడు.

"డిపాజిట్ ఈవిడది కదండీ. ఈవిడ చెప్పాలి" అంది దేవిశ్రీ. "అమ్మా, డబ్బు ఎవరి ఖాతాకి పంపమంటారు?"

అచ్చియ్యమ్మ కౌంటరు అంచు పట్టుకుని కుర్చీలో కూర్చుంది. "నా కాతాలోనే ఉంచమ్మా. ఎవులికీ పంపొద్దు" అంది.

మేష్టారు చుట్టూ చూసి పెద్దగా నవ్వాడు. "దానికేటీ తెలీదమ్మా, నువ్వు పంపీ."

"తెలుసు. అది నా సొంత సంపాదనని, మీకు హక్కు లేదని ఇప్పుడే రాయించి సంతకమెట్టించేరు కదా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెన్షనర్లలో ఒకాయన పాస్‌బుక్కులోకి తల దూర్చేశాడు. బంగార్రాజు వంగి, "వదినా, అది గవర్నమెంటుకి సెప్పే మాట" అన్నాడు.

"గవర్నమెంటుకో మాట, నాకో మాటా బాబూ? అబద్ధమయితే మీ అన్నయ్యని ఇక్కడే సెప్పమను. మళ్ళీ మేడెక్కి మార్పించుకొత్తాం."

అబద్ధమంటే పన్ను, వడ్డీ. నిజమంటే సైటు పోయింది. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషికి ఏది చెప్పాలో తోచలేదు. నుదుటి మీద చెమట తుడుచుకుని, ఆవిడ చెవి దగ్గరికి వంగి, ఇంట్లో ఉండే గొంతు తెచ్చుకుని అన్నాడు: "లే. ఇంటికెల్లి మాట్లాడుకుందాం."

ఆ గొంతు ఆవిడకి తెలుసు. ఆ తర్వాత వారాల తరబడి కంచం తోసెయ్యడాలు, మాటాడకపోవడాలు, కూతురికి ఫోన్ చేసి మీ అమ్మకి మతిపోయిందనడాలు, చివరికి తనే తప్పయిందని ఒప్పుకోడాలు, అన్నీ తెలుసు. భయం వేసింది. అయినా లేవలేదు. కుర్చీని కౌంటరుకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది.

"ఇంటికెల్తే అది మీ డబ్బయిపోతాది" అంది అచ్చియ్యమ్మ. "ఇక్కడే మాట్లాడుకుందాం."