శంకరవ్వ ఇంట్లో ఉన్నంతసేపు

పొద్దున లేవగానే సుణ్ణగార సందులో ఆడవాళ్లు దేవుడి పటం కన్నా ముందు శంకరవ్వ గడప వైపు చూస్తారు. గడప పక్కన చెప్పులు ఉన్నాయంటే మనిషి ఇంట్లోనే ఉన్నట్టు. ఆ ధైర్యంతో ఎవరి పొయ్యి వాళ్లు వెలిగించుకుంటారు, ఇంటింటా జొన్నరొట్టెలు తట్టే చప్పుడు మొదలవుతుంది.

శంకరవ్వ ఇంట్లో ఉంటేనే ఆ సందుకు నీళ్లు వస్తాయి. కొత్తకోడలిగా ఆమె ఈ గడపలో కుడికాలు పెట్టిన రోజే తేలిన సంగతి అది. అప్పటికి మూడు వారాలుగా ఎండిపోయి ఉన్న కుళాయిలన్నీ ఒక్కసారిగా దగ్గి, తుప్పునీళ్లు కక్కి, ఆ వెనకే తెల్లటి ధార కట్టాయి. మొదటి నాగపంచమికి ఉయ్యాల ఊగడానికి పుట్టింటికి వెళ్తే సందంతా నాలుక పిడచకట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చిన పూటే నీళ్లు. మరుసటి పంచమికీ అదే తంతు. ఆ పై ఏడు అన్న తీసుకెళ్లడానికి వస్తే, సందు పెద్దలు అతనికి కడుపునిండా భోజనం పెట్టి, కొత్త ధోవతి చేతిలో పెట్టి, ఒంటరిగా బస్సెక్కించారు. శంకరవ్వకు సందు మలుపులో ఉన్న వేపచెట్టుకే ఉయ్యాల కట్టారు. అప్పటినుంచి ఆమె వెళ్లిన దూరమల్లా ఆ ఉయ్యాల దాకానే.

పోనీ సందువాళ్లు చెడ్డవాళ్లా అంటే, కాదు. అదే కదా బాధ. సంతలో ముందు ఆమెకు కూరలు కొని, తర్వాత తమకు కొనుక్కుంటారు. గాజులమ్మే మనిషిని ఇంటికే పిలుచుకొస్తారు. జ్వరమొస్తే డాక్టరే స్కూటరు మీద వస్తాడు. తిట్టేవాళ్లను తిరిగి తిట్టొచ్చు. నెత్తిన పెట్టుకుని చూసుకునేవాళ్లను ఏమని తిడతాం? మొగుడు ఈరప్ప పత్తి మిల్లులో మూటలు మోసి వచ్చి, ఆమె ఎప్పుడైనా నోరు విప్పితే, "ఇంతమందికి పనికొచ్చే బతుకు ఎవరికి దొరుకుతుందే" అని అటు తిరిగి పడుకుంటాడు.

ఈ ఏడు మాత్రం ఆమెకు ఒక్కటే కోరిక. కూతురు కస్తూరికి పొరుగు జిల్లాలో సర్కారు హాస్టలు బడిలో సీటు వచ్చింది. జూన్‌లో తీసుకెళ్లి దిగబెట్టాలి. పిల్ల ఏ మంచం మీద పడుకుంటుందో, కిటికీలోంచి దానికి ఏం కనిపిస్తుందో తన కళ్లతో చూడాలని శంకరవ్వ ఆశ. "ఈరప్ప తీసుకెళ్తాడులే, నీకెందుకమ్మా శ్రమ" అన్నారు అందరూ ప్రేమగా.

అంతలో నీళ్ల మీటర్లు వచ్చాయి. వేపచెట్టు కింద మైకు పెట్టి కుర్ర ఇంజనీరు చెప్పాడు. "ఇకనుంచి ఇరవైనాలుగు గంటలూ నీళ్లు. ఇంట్లో మనిషి ఉన్నా, లేకపోయినా." ఆ చివరి మాటకు సందు మొత్తం శంకరవ్వ వైపు తిరిగింది. పక్కింటి దావల్‌బీ ఆమె చెయ్యి గిల్లింది.

"విన్నావా? సర్కారువాళ్లు నీకు సెలవిచ్చేశారు."

ఆ రోజే శంకరవ్వ ట్రంకుపెట్టెలోంచి ఇల్‌కల్ చీర తీసి ఎండలో వేసింది.

ఇంటింటికీ నీలం మూత ఉన్న మీటరు బిగించారు. మూత ఎత్తితే లోపల చిన్న ఎర్ర చక్రం. మర్నాటినుంచి ఇరవైనాలుగు గంటలూ వచ్చిన మాట నిజమే, కానీ వచ్చింది గాలి. కుళాయి విప్పితే బుస్సుమనేది, కట్టేస్తే గోడలో గుయ్యిమనేది. చక్రానికి గాలి ఏదో నీళ్లు ఏవో తెలియదు, దాని పాటికి అది గిరగిరా తిరిగేది. దావల్‌బీ మీటరుకు మసీదు మీటరు నంబరు వేసి పోయారు. రోజూ ఐదుపూటలా ఎంతమంది కాళ్లూ చేతులూ కడుక్కున్నారో ఆ లెక్కంతా వచ్చి ఆవిడ నెత్తిన పడింది. "పీల్చే గాలికి బిల్లు ఎప్పుడేస్తారో" అని నవ్వుకుంటూ ఏడ్చారు జనం.

నీళ్లు మాత్రం ఎప్పటిలాగే శంకరవ్వ ఇంట్లో ఉంటేనే వచ్చాయి. ఇదివరకు వాల్వు తిప్పే యమనప్ప ముందురోజే సైకిలు బెల్లు కొట్టి వంతు చెప్పేవాడు. ఇప్పుడు అతని చేతిలోంచి వాల్వు తాళంచెవి లాక్కున్నారు. "ఎవరు ఎప్పుడు వదుల్తున్నారో ఆ బసవన్నకే తెలియాలి" అంటాడు. ఇదివరకు వంతు రోజునే ఆమెకు కాపలా ఉండేది. ఇప్పుడు రాత్రీ పగలూ కాపలా. ఉయ్యాల దాకా పోవడం కూడా మానమన్నారు. ఇంజనీరు చెప్పిన ఇరవైనాలుగు గంటలు శంకరవ్వ ఒక్కతి పాలిట నిజమయ్యాయి. చీర మళ్లీ పెట్టెలోకి వెళ్లింది.

గాలి బిల్లుల మీద ఫిర్యాదుకు పోతే ఆఫీసులో కొత్త మెలిక పెట్టారు. సందులో మొదటి మీటరు శంకరవ్వది. మొదటిది పరీక్షిస్తేనే మిగతావి. ఆ కనెక్షను ఆమె పేరు మీద ఉంది కాబట్టి ఆమే స్వయంగా రావాలి.

సందు పెద్ద గురుబసప్ప అరుగు మీద పంచాయితీ పెట్టాడు. "పంపకపోతే గాలికి డబ్బు కట్టి చస్తాం. పంపితే నీళ్లకు చస్తాం."

"ఒక్క పూటకు ఎవరూ చావరు తాతా," అంది దావల్‌బీ. "డ్రమ్ములు నింపుకోండి. నేను పోయినా ఏడవనంతగా ఏడుస్తారేం ఈవిడ కోసం?"

రెండు రోజులు బిందెలు, డ్రమ్ములు, పెళ్లి గంగాళాలు కూడా నింపుకుని శంకరవ్వను పంపారు. పెళ్లికూతురిని పంపినట్టు మలుపు దాకా వచ్చి, "నేరుగా పో, నేరుగా రా" అని మరీ మరీ చెప్పారు.

బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. ఆఫీసులో కౌంటరు పిల్ల వేలిముద్ర వేయించుకుని, ముద్ర కొట్టిన చీటీ చేతికిచ్చింది. "పరీక్షించేదాకా మీ సందులో ఎవరూ బిల్లు కట్టక్కర్లేదు." అంతే. ఇంత చిన్న పని. శంకరవ్వ మల్లెపూలు కొని తల్లో పెట్టుకుంది. బండి మీద గిర్మిట్ మరమరాలు కొనుక్కుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ బల్ల మీద కూర్చుని తింది. పక్కన ఎవరెవరో వచ్చి కూర్చున్నారు, లేచి వెళ్లారు. ఆమె ఎక్కడున్నదీ, ఎంతసేపు ఉంటుందీ ఒక్కరికీ పట్టలేదు. ఎవరికీ అక్కర్లేని మనిషిగా కూర్చోవడంలో ఇంత హాయి ఉందా అనిపించి కళ్లు చెమర్చాయి. ఏమైనా సరే, కస్తూరిని తనే దిగబెట్టాలి. అక్కడే తీర్మానించుకుంది.

బస్సు దిగి దగ్గరదారి కదా అని వెనక గల్లీ పట్టింది. సందులోంచి బిందెల చప్పుడు వినిపించింది. దావల్‌బీ తన పెరటి తలుపు దగ్గరే కాచుకుని ఉంది.

"ఆగు. నీళ్లొచ్చాయి."

"నేను లేకుండానా?"

శంకరవ్వ గుండె ఎగిరి గంతేసింది. ఇక నేను అక్కర్లేదు. ఆ మాట నోటిదాకా వచ్చేసింది.

"నువ్వు లేవు. ఇంట్లో కస్తూరి ఉంది."

గంతేసిన గుండె అక్కడే ఆగిపోయింది.

"పిల్ల కుళాయి ముట్టుకుందట, ధార కట్టిందట. గురుబసప్ప దాన్ని మలుపు దాకా నడిపిస్తానంటున్నాడు. మీటరు ఆగిందంటే పిల్ల వల్లేనని తేలిపోయినట్టే. హాస్టలు ఎందుకు, ఇక్కడ బడి లేదా అని అప్పుడే మొదలెట్టారు. మీ ఆయన బుర్ర గోక్కుంటూ నిలబడ్డాడు."

శంకరవ్వ తల్లో పూలు లాగి గోడ అవతల పారేసింది.

"ఆఫీసులో పని అయిందా?" అడిగింది దావల్‌బీ.

"అయింది."

"అవలేదు. అసలు నువ్వు పోనేలేదు. బస్సు ఎక్కబోతే కళ్లు తిరిగాయి. వెనక్కొచ్చి పొద్దున్నించీ నా ఇంట్లో పడుకున్నావు. ఆ చీటీ ఇలా తే."

ముద్ర కొట్టిన చీటీ దావల్‌బీ పొయ్యిలోకి పోయింది.

శంకరవ్వ కొంగు నుదుటికి నొక్కుకుని దావల్‌బీ ఇంటి ముందు గుమ్మంలోంచి సందులోకి వచ్చింది. ఆమె ఇంటి మీటరు చుట్టూ జనం మూగి ఉన్నారు. కళ్లు తిరిగిన కథ విని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"బస్సును చూస్తేనే పడిపోయే మనిషిని ఆఫీసుకు పంపాం. మన బుద్ధికి మనమే దణ్ణం పెట్టుకోవాలి," అన్నాడు యమనప్ప.

"ఇక గాలికి కట్టుకుంటూ పోవలసిందే," అంది ఇంకొకావిడ. "ఒక్క పని చెప్తే ఇదీ వరస. ఇంకెప్పుడూ పంపకండి."

గురుబసప్ప మాత్రం మీటరు మీదినుంచి కళ్లు తిప్పలేదు. "ఈమె పక్కింట్లో ఉంటే నీళ్లు రావడం సరే. అనుకున్నాం కాబట్టి పిల్లనూ ఓసారి చూసేద్దాం. కస్తూరీ, మలుపు దాకా నడువు."

కస్తూరి తల్లి దగ్గరికి వచ్చింది. "అమ్మా, పొద్దున నేను చెయ్యి పెట్టగానే కుళాయి..."

"నోర్మూయ్. తాత నడవమన్నాడుగా, నడువు."

పిల్ల నడిచింది. అందరూ మీటరు మీదికి వంగారు. పిల్ల దూరమయ్యేకొద్దీ ఎర్ర చక్రం నెమ్మదించింది. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు నేను లేకుండా నీళ్లు రానీ స్వామీ అని పెళ్లయినప్పటినుంచీ మొక్కుకున్న మనిషి శంకరవ్వ. ఇప్పుడు అదే స్వామికి అడ్డం తిరిగి మొక్కింది. నా వల్లనే రావాలి. నేనుంటేనే రావాలి. నేను చచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను, దాన్ని పోనీ.

కస్తూరి వేపచెట్టు చేరేసరికి చక్రం పళ్లు లెక్కపెట్టగలిగేంత నింపాదిగా తిరుగుతోంది. ఆగేలా ఊగింది. ఆగలేదు. మళ్లీ వేగం అందుకుని ఎప్పటిలా గిర్రున తిరిగింది.

"శంకరవ్వే," అన్నారు నలుగురూ, బరువు దిగినట్టు. ఈరప్ప కూడా అన్నాడు.

"చాలు, పిల్లను పిలవండి," అన్నాడు గురుబసప్ప.

చెట్టు దగ్గర కస్తూరి వెనక్కి తిరిగింది.

"రావద్దు," అరిచింది శంకరవ్వ. "ఇంకా ముందుకు పో."

"ఎందాకా?"

"నేను కనిపించనంత దూరం."

పిల్ల ఒక్క క్షణం తల్లిని చూసి, మలుపు దాటి కనబడకుండా పోయింది. శంకరవ్వ వంగి మీటరు చూసింది. చక్రం తిరుగుతూనే ఉంది. అప్పుడు గడప మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. కళ్లు తిరగడం ఇంకా తగ్గలేదనుకుని గురుబసప్ప కోడలు గబగబా కుళాయి విప్పి, చెంబునిండా నీళ్లు పట్టి తెచ్చి ఆమె చేతికిచ్చింది.