బుచ్చి ఎదురొచ్చిన దసరా

చదివే అక్కలకు, అన్నలకు నమస్కారం. అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. యాభై దాటిన తర్వాత పలక పట్టినదాన్ని. ఒక్క వాక్యం రాసేసరికి పొయ్యి మీద అన్నం ఉడికిపోతుంది. అయినా ఈ సంగతి నా చేత్తోనే రాయాలనిపించింది.

భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేసే ప్రదీప్ ఎప్పటిలాగే దసరా సెలవులకు భార్య మనీషాను, కూతురు కీర్తనను తీసుకుని తాను పుట్టి పెరిగిన గూడూరుకు వచ్చాడు. తండ్రి పోయాక ఆ ఇంట్లో ఉండేది అతని మేనత్త బుచ్చి ఒక్కతే. చిన్న వయసులోనే భర్త పోతే ఆమె అన్న ఇంటికి చేరింది. ప్రదీప్‌ను కని తల్లి కన్ను మూస్తే, ఆ పసివాణ్ని ఎత్తుకుని పెంచింది ఆమే.

పండుగ పొద్దున బుచ్చి గారెలు వేస్తూ, చిన్నప్పుడు ప్రదీప్ గారెలు జేబులో పెట్టుకుని పడుకుంటే లాగు నిండా చీమలు పట్టిన కథ చెప్పింది. కీర్తన పడీ పడీ నవ్వింది. ఆ ఇల్లు చూసినవాళ్లెవరూ అక్కడ ఒక తప్పు జరుగుతోందని అనుకోరు.

దసరా సాయంత్రం కొత్త బట్టలు కట్టుకుని ఊరి బయట జమ్మి చెట్టు దగ్గరికి పోవడం మా వైపు ఆచారం. బయలుదేరేవాళ్లకు భర్త ఉన్న ఆడమనిషి నీళ్ల బిందెతో ఎదురు రావాలి. భర్త లేని మనిషి కంటపడకూడదు. అందుకే ఆ వేళకు బుచ్చి, ఎవరూ చెప్పకుండానే, పెరట్లోకి పోయి గోడ వైపు తిరిగి కూర్చునేది. చూసేవాళ్లకు కట్టెలు సర్దుతున్నట్టే ఉండేది. ప్రదీప్ బడిలో చేరిన రోజు, కొలువులో చేరిన రోజు కూడా అంతే. అన్నం కలిపి తినిపించింది బుచ్చి. ఎదురు వచ్చింది పక్కింటి మరియమ్మ. మరియమ్మ చర్చికి పోయే మనిషి, శకునాలు నమ్మదు. బుచ్చక్క అడిగింది కాబట్టి వస్తున్నానని నవ్వుతూ బిందె ఎత్తుకునేది.

ఆ సాయంత్రం కూతురితో పాటు తానూ జమ్మికి బయలుదేరిన మనీషా, అలవాటుగా గోడ మీది నుంచి మరియమ్మను పిలిచింది. మరియమ్మ బిందె లేకుండానే వచ్చి నిలబడింది. ఎండాకాలంలో ఆమె భర్త చనిపోయాడని ఫోనులో విన్న మాట మనీషాకు అప్పుడు గుర్తుకొచ్చింది. నాలుక కరుచుకుంది. వాడకట్టు జనంతో వాకిట్లో ఎదురుచూస్తున్న పెద్దమనిషి గట్టయ్య, ఆమె వద్దని, ఇంకెవరినైనా పిలవమని, పొద్దు గుంకుతున్నదని తొందరపెట్టాడు.

మరియమ్మ అతని వైపు తిరిగింది.

"పోయిన దసరకు ఈ మొఖమే మంచిదంటివి గట్టన్నా. నా పెనిమిటి పోయిండు గని మొఖం గదే ఉన్నది. పొద్దుగాల అద్దంల చూసుకున్న. ముక్కు సుత పక్కకు జరగలే."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గట్టయ్య తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు.

ప్రదీప్ మాత్రం నవ్వలేదు. నేరుగా పెరట్లోకి నడిచాడు. గోడ వైపు తిరిగి కూర్చున్న మేనత్తను చూసి, ఈసారి నువ్వే ఎదురు రావాలని అడిగాడు. బుచ్చి వెనక్కి తిరగలేదు.

"బాయిల దిగెటోనివి బిడ్డా నువ్వు. నేనెదురొచ్చినంక నీకేమన్న అయితే నేను బతుకుతనా?"

ఇన్నేళ్లూ ఆమెను అక్కడ కూర్చోబెట్టింది ఊరు ఒక్కటే కాదని, తన మీది ప్రేమ కూడా అని ప్రదీప్‌కు అప్పుడే అర్థమైంది. పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"అత్తా, దిగేటప్పుడు అందరు దేవుని తలుసుకుంటరు. నేను కండ్లు మూసుకుంటే నీ మొఖమే కనవడుతది. రోజూ గది చూసుకునే దిగుతున్న, మంచిగ పైకొస్తున్న. గిప్పుడు కండ్లు తెరిసి చూస్తె చెడైతదా?"

ఇంతలో మరియమ్మ రెండు బిందెలు నింపుకొచ్చి ఒకటి ఆమె ముందు పెట్టింది.

"లే బుచ్చక్కా. నేనొక్కదాన్నే వస్తె గట్టన్న చూపంత నా మీదనే పడుతది. సగం నువ్వు మొయ్యి."

బుచ్చి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఇద్దరూ పక్కపక్కనే ఎదురు వచ్చారు. బుచ్చి బిందెలోంచి కీర్తన కొత్త లంగా మీద నీళ్లు తొణికాయి. ప్రదీప్ ఆమె కాళ్లకు మొక్కి ముందుకు నడిచాడు. గట్టయ్య మాత్రం ఆ బిందెలకు ఎదురుపడకుండా పక్క సందు నుంచి పోయాడు.

దీపాలు పెట్టే వేళకు జమ్మి ఆకులు పట్టుకుని అందరూ ఇంటింటికీ తిరుగుతున్నారు. ఆ ఆకును మేము బంగారం అంటాం. ముందు ఇంటి పెద్ద చేతిలో పెట్టి మొక్కాలి. గట్టయ్య వచ్చేసరికి గడపలో బుచ్చి నిలబడి ఉంది. ఏటా ఆ వేళకు ఆమె లోపలే ఉండేది కాబట్టి అతను నేరుగా ప్రదీప్‌కే ఇచ్చేవాడు. బుచ్చి అతనికన్నా పెద్దది. పెద్దవాళ్లను దాటి చిన్నవాళ్లకు బంగారం ఇవ్వకూడదని వాడకట్టుకంతా నేర్పింది అతనే. కొంచెం ఆగాడు. తర్వాత వంగి, "బంగారం తీసుకో అక్కా" అన్నాడు.

సెలవులు అయిపోయి భూపాలపల్లికి బయలుదేరిన రోజు మనీషా ఎవరినీ పిలవలేదు. బుచ్చి అప్పటికే బిందెతో వాకిట్లో ఉంది.

చదివేవారికి నాదొక మనవి. పండుగకు మీ ఊరికి పోయినప్పుడు, సరిగ్గా బయలుదేరే వేళకు మీ ఇంట్లో కనిపించకుండా పోయే మనిషి ఎవరో వెతకండి. చేయి పట్టుకుని ముందుకు తీసుకురండి. మనల్ని పెంచిన చేయి మంచిదైనప్పుడు ఆ ముఖమూ మంచిదే; భర్త పోయినంత మాత్రాన ఏ ఆడమనిషీ అపశకునం కాదు.

బొల్లెపాక యాకమ్మ,
అరవై రెండేళ్లు,
ప్రస్తుతం ఉండేది జనగామలో.